కంప్యూటర్ మధ్యలో ఎందుకు ఆగిపోయింది?



మన ల్యాబులో కిటికీ పక్కన ఉన్న పెద్ద కంప్యూటర్ సంగతి మీ అందరికీ తెలుసు. ఎవరో ఆటల కోసం కొనుక్కొని, కొన్నేండ్లు వాడి మనకు ఇచ్చినది. అందులో గ్రాఫిక్స్ కార్డు వేరుగా ఉన్నది. జనవరి చలిలో మంచిగా నడిచింది. మార్చి రాగానే చెప్పా పెట్టకుండా టప్పున ఆగిపోవుడు మొదలైంది. మేము గుంజాల గోండి లిపిలో టైపు చేస్తున్న పదాల పట్టిక రెండుసార్లు పోయింది. (నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన ఈ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అందుకే కంప్యూటర్‌లో రాయగలుగుతున్నాము.)

తప్పు ఎనిమిదో తరగతి తమ్ముని మీద పడ్డది. "ఆటలు ఆడి పాడు చేసిండు" అని సారుకు చెప్పింది నేనే. వారం రోజులు వాన్ని ల్యాబుకు రానియ్యలేదు. "అన్నా, ఆగిపోయే ముందు ఆట తడబడుతున్నది" అని వాడు ఒక్క మాట అన్నడు. ఎవ్వరమూ పట్టించుకోలేదు.

వాడు రాని వారంలో కూడా కంప్యూటర్ ఆగింది! అప్పుడు నాకు సిగ్గనిపించి, ఆగిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకున్నాను. వీడియో పెడితే 15, 20 నిమిషాలకు ఆగుతున్నది. టైపు చేస్తే గంట దాటినంక. పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ఆగిన వెంటనే ఆన్ చేస్తే 2, 3 నిమిషాలకే మళ్లీ పోతది. అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే.

కరెంటు దోషమేమో అని అదే ప్లగ్గుకు పక్క కంప్యూటర్ పెట్టి చూసినము. సాయంత్రం దాక నడిచింది. కొందరు వైరసు అన్నరు. వైరసు అరగంట చల్లారితే పోతదా? సారు చెప్పినట్టు ఆన్ చేయంగనే డిలీట్ మీట నొక్కి, బయాస్ తెరలో ప్రాసెసర్ వేడి చూసినము. ఏ పనీ లేకుండానే 84 డిగ్రీలు! పక్కదానికి 46.

ప్రాసెసర్ తాగే కరెంటు చివరికి వేడి అవుతుంది. ఆ వేడిని లాగడానికి చిప్పు మీద అల్యూమినియం రేకుల దిమ్మ, దాని మీద ఫ్యాను ఉంటవి. ట్రాక్టరుకు రేడియేటర్ ఎట్లనో ఇది అట్ల. వేడి 100 డిగ్రీల దగ్గరికి పోతే చిప్పు ముందుగా తన వేగం తగ్గించుకుంటుంది. తమ్ముడు చెప్పిన తడబాటు ఇదే. అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా కరెంటు తెంపేస్తుంది. ఆట వల్ల రోగం రాలేదు, ఉన్న రోగం తొందరగా బయటపడ్డది.

వైరు పీకి, చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి ఇనుప డబ్బాను ముట్టుకొని, పక్క రేకు విప్పినము. ఫ్యాను కింద రేకుల సందుల్లో పత్తి పీచు బొంతలాగ పేరుకున్నది. కిటికీ అవతలి రోడ్డు మీదుగనే పత్తి బండ్లు ఆదిలాబాద్ యార్డుకు పోతయి మరి. ఫ్యాను తిరుగుతున్నది గాని గాలి దిగుతలేదు. చిప్పుకు, దిమ్మకు నడుమ పూసే పేస్టు కూడా సున్నం పెళ్లలాగ ఎండిపోయింది. ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టి, మెత్తని కుంచెతో పీచంతా తీసినము. పాత పేస్టును స్పిరిట్‌తో తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టినము. ఎక్కువ పూస్తే లాభం లేదు. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. వైరు పీకినా లోపల కరెంటు నిలువ ఉంటది, షాకు కొడుతది.

మళ్లీ చూస్తే 51 డిగ్రీలు. సారు ఆ తమ్మున్నే పిలిచి, ఆట పెట్టమన్నడు. గంటన్నర ఆడినా ఆగలేదు. ఒకవేళ తడబాటు ఏమీ లేకుండా, ఆట తెరవంగనే టక్కున ఆగితే పవర్ సప్లైని అనుమానించాలె. గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా లాగే కరెంటును అది ఇయ్యలేకపోతదన్నమాట.

పోయిన పదాలు 43. తమ్ముని అవ్వకు చాలా తెలుసట. సెలవులకు పోయినప్పుడు అడిగి రాసుకొస్తా అన్నడు. ఇప్పటికి 22 తెచ్చిండు.

– పదవ తరగతి విద్యార్థి