ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఊళ్లో తల్లులకు టీకాల కబురు పంపాలి. స్వచ్ఛంద సంస్థ కార్యకర్త ఇలా టైపు చేశారనుకుందాం: ‘రేపు ఉదయం 10 గంటలకు అంగన్వాడీ కేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తారు.’ ఇది ఒక ఎస్సెమ్మెస్. చివర ‘కార్డు తెచ్చుకోండి.’ అని చేర్చగానే అది రెండు ఎస్సెమ్మెస్‌లవుతుంది. ఖర్చూ రెట్టింపే.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి, అంటే 70 గుర్తులే. పైగా గుణింతమూ పొల్లూ వేటికవే లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు గుర్తులు. ఖాళీలు, చుక్కలతో సహా మన మొదటి వాక్యం 65 గుర్తులు, కార్డు మాట కలిపితే 85. హద్దు దాటిన సందేశం ముక్కలుగా వెళ్తుంది. ముక్కలను మళ్లీ అతికించే సమాచారానికీ చోటు కావాలి గనక ఒక్కో ముక్కలో 67 గుర్తులే మిగులుతాయి.

ఖర్చు చూసి చాలామంది తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపేస్తారు. సంస్థకు కొన్ని పైసలు మిగులుతాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి మాత్రం కార్డు సంగతి తెలియదు. నా దృష్టిలో ఇది పొదుపు కాదు.

అసలు చదివేది ఎందరు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల మహిళలను ఈ విషయమే అడిగింది. దేశంలో నూటికి 54 మందికే తాము వాడుకునే సొంత ఫోన్ ఉంది. వాళ్లలో ఎస్సెమ్మెస్ చదవగలిగినవారు 71 శాతం. రెండూ గుణిస్తే నూటికి 38 మంది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 33 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సొంత ఫోన్ ఉన్న మహిళలు 48.9 శాతం, ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. తెలంగాణలో 60, 26.5. సర్వే తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి. అయినా మన రిజిస్టర్లో తల్లి పేరు పక్కన రాసుకున్న నంబరు ఆమెదేనా, భర్తదా, పక్కింటివారిదా అన్న ప్రశ్న ఇప్పటికీ తప్పదు. భర్త ఫోన్ జేబులో పెట్టుకుని పొద్దున్నే పనికి వెళ్లిపోతే పది గంటల కబురు పొలం గట్టు మీదే ఆగిపోతుంది.

అందుకే చదివించడం కంటే వినిపించడం మేలని కొన్ని సంస్థలు ముందే గుర్తించాయి. డాక్టర్ అపర్ణా హెగ్డే 2008లో ముంబయిలో స్థాపించిన ‘అర్మాన్’ వాటిలో ఒకటి. దాని ఎంమిత్ర కార్యక్రమం గర్భిణులకు, బాలింతలకు ఫోన్ చేసి రికార్డు చేసిన ఆరోగ్య సలహాలు వినిపిస్తుంది. బిడ్డకు ఏడాది నిండేదాకా మొత్తం 145 సందేశాలు. ఏ నెల గర్భమో దాన్నిబట్టి ఆ వారం మాట ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది చేరేటప్పుడు అడిగే ఒక చిన్న ప్రశ్న: మీకు ఏ వేళలో ఫోన్ చేయమంటారు? పై రిజిస్టర్ చిక్కుకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఫోన్ ఇంటికి చేరే వేళ ఆమెకు తెలుసు, సంస్థకు తెలియదు.

అయినా కొందరు వినడం మానేస్తారు. అలా జారిపోతున్నవారికి మనిషి స్వయంగా ఫోన్ చేసి మాట్లాడితే మళ్లీ వింటారు, కానీ సిబ్బంది కొద్దిమందే. ఈ వారం ఎవరికి చేయాలి? గూగుల్ పరిశోధకులు, ఐఐటీ మద్రాసు వారితో కలిసి అర్మాన్ ఇక్కడ కృత్రిమ మేధను వాడింది. 23,003 మందితో 7 వారాలు పరీక్షించి చూస్తే, యంత్రం సూచించినవారికి ఫోన్ చేసిన వర్గంలో వినడం తగ్గిపోవడం దాదాపు 30 శాతం తక్కువగా నమోదైంది. మాట్లాడింది మనిషే, ఎవరితో అన్నది మాత్రమే యంత్రం చెప్పింది. చిన్న సంస్థకు అంత యంత్రాంగం అక్కర్లేదు. వరసగా మూడు కాల్స్ ఎత్తనివారి జాబితా ఎక్సెల్ షీటు కూడా తీసివ్వగలదు.

వింటే చాలా? కిల్కారీ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా వారానికొకటి చొప్పున 72 సందేశాలు వినిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని నాలుగు జిల్లాల్లో 5,095 మంది మహిళలతో దీన్ని పరీక్షించారు. పిల్లలకు తల్లిపాలు మాత్రమే పట్టడంలో తేడా ఏమీ కనిపించలేదు. తాత్కాలిక కుటుంబ నియంత్రణ పద్ధతుల వాడకం మాత్రం 3.7 శాతం పాయింట్లు పెరిగింది. నిరాశపడాల్సిన ఫలితం కాదిది. ఫోన్‌లోని గొంతు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ గడప దాకా మనిషే వెళ్లాలో నిజాయితీగా చెప్పిన లెక్క. ఇలాంటి పరీక్షకు సిద్ధపడ్డవారిని మెచ్చుకోవాలి. చాలా వార్షిక నివేదికల్లో ‘ఇన్ని లక్షల సందేశాలు పంపాం’ అన్న అంకెతోనే కథ ముగిసిపోతుంది మరి.

రైతుల విషయంలో డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. ఊళ్లోని రైతుతోనే వీడియో తీసి, పక్క ఊళ్లో సాయంత్రం నలుగురినీ కూర్చోబెట్టి చూపిస్తుంది. నడిపే మనిషి మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడుగుతారు. కర్ణాటకలో 16 గ్రామాల్లో, 1,470 కుటుంబాలతో, 13 నెలలు సాగిన తొలి పరీక్షలో మామూలు వ్యవసాయ విస్తరణ పద్ధతి కంటే 7 రెట్లు ఎక్కువగా కొత్త పద్ధతులు పొలాల్లోకి వెళ్లాయి. వీడియోలో ఉన్నది తమలాంటి రైతే కావడం, ఎదురుగా ఓ మనిషి కూర్చుని అడుగుతుండడం, ఈ రెండూ కెమెరా కన్నా ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఇలాంటి వీడియోలు ఊరూరా తిరిగాయి.

ఇక వాట్సాప్. గ్రూపులో 1,024 మంది దాకా చేరొచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది, అదీ మన నంబరును తమ ఫోన్‌లో భద్రం చేసుకున్నవారికే అందుతుంది. ఈ చిన్న మెలిక తెలియక ‘అందరికీ పంపాం’ అనుకునే సంస్థలున్నాయి. గ్రూపుతో ఇంకా పెద్ద ఇబ్బంది ఉంది. ప్రతి సభ్యురాలి నంబరూ మిగతావారికి కనిపిస్తుంది. గృహహింస నుంచి బయటపడ్డ మహిళ, హెచ్‌ఐవీ మందులు వాడుతున్న మనిషి ఆ గ్రూపులో ఉన్నారనుకోండి: ఒక్క స్క్రీన్‌షాట్‌తో వారి గుట్టు ఊరంతా తెలిసిపోతుంది. సాయం కోసం మనల్ని నమ్మి వచ్చినవారికి మన చేతులమీదుగా జరిగే హాని అది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. చట్టం లేకపోయినా ఆ గ్రూపు పెట్టకూడదు.

విరాళాల సంగతీ ఒక మాట. క్యూఆర్ కోడ్ పెడితే డబ్బు వస్తుంది, ఇచ్చినవారి పాన్ లాంటి గుర్తింపు నంబరు రాదు. అది లేకుంటే మే 31లోగా ఆదాయపన్ను శాఖకు పంపాల్సిన విరాళాల వివరాల పత్రంలో వారి పేరు చేర్చలేం, పన్ను మినహాయింపుకు వారికి కావాల్సిన ధ్రువపత్రమూ రాదు. కోడ్ పక్కనే పాన్, చిరునామా అడిగే చిన్న ఫారం పెట్టాలి.

మళ్లీ ఆ తల్లుల రిజిస్టర్ దగ్గరికొద్దాం. నంబరు పక్కన ఇంకో మూడు గళ్లు గీయండి: ఫోన్ ఎవరిది, ఏ వేళలో దొరుకుతారు, చదువుతారా వింటారా. ప్రతి శనివారం అందులోంచి ఓ ఇరవై నంబర్లు చీటీలు వేసినట్టు ఏరి ఫోన్ చేయండి. ‘సోమవారం కబురు పంపామమ్మా, అందిందా? అందులో ఏం చెప్పామో గుర్తుందా?’ అని అడగండి. ఇరవై మందిలో ఎందరు కార్డు మాట చెప్పగలిగారో, ఆ అంకెను నెలాఖరు నివేదికలో మొదటి వరుసలో రాయండి.