పాత గాలిమరకు పండుగ

దసరా వస్తే మనవాళ్ళు ఆయుధపూజ చేస్తారు. లారీలకు, కుట్టుమిషన్లకు, నీటి మోటార్లకు సైతం బొట్టు పెట్టి పూలదండ వేస్తారు. యంత్రానికి జరిగే పండుగ నెదర్లాండ్స్ దేశంలోనూ ఒకటి వుంది. ఏటా మే నెల రెండవ శని, ఆదివారాలలో అక్కడి పల్లెలు తమ పాత గాలిమరలకు జెండాలు కట్టి, రెక్కలు తిప్పి, వాటి తలుపులు బార్లా తెరుస్తాయి. చూడవచ్చే వారిని ఆహ్వానిస్తూ నీలిరంగు పతాక ఎగురుతుంది. 1973లో మొదలైన ఈ ఉత్సవాన్ని ‘జాతీయ గాలిమరల దినం’ అంటారు.

ఆ రోజున మరను తిప్పేది కేవలం వేడుకకేనా? కాదు. తిప్పకుండా వదిలేస్తే మర పాడైపోతుంది! అదెలాగో తెలుసుకోవాలంటే ముందు అది పని చేసే తీరు చూద్దాం.

నెదర్లాండ్స్ భూభాగంలో దాదాపు నాలుగోవంతు సముద్రమట్టం కంటె పల్లంలో వుంది. వాననీరు తనంతట తాను సముద్రంలోకి పోలేదు. దానిని ఎత్తి పోయాలి. పూర్వం ఈ పని గాలిమరలే చేసేవి. కిండర్‌డైక్ అనే పల్లె వద్ద 1738 - 1740 ప్రాంతంలో కట్టిన మరలు ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఇప్పటికీ 19 మరలు నిలిచి వున్నాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇతర చోట్ల మరలు ధాన్యం విసిరేవి, నూనె తీసేవి, దుంగలు కోసేవి.

మర పైభాగంలో టోపీ వంటి కప్పు వుంటుంది. రెక్కలూ, వాటి ఇరుసూ ఆ కప్పులోనే అమరి వుంటాయి. గాలి దిక్కు మారినపుడు మరకాపరి వెనుకవైపున్న పొడవాటి దూలాన్ని లాగి, కప్పునంతా గాలికి ఎదురుగా తిప్పుతాడు. రెక్కలు కర్రతో అల్లిన చట్రాలు. వాటిపై గుడ్డ పరిస్తే గాలి పట్టు పెరుగుతుంది, చుడితే తగ్గుతుంది.

గుడ్డ ఎంత పరచాలన్నది చిన్న విషయం కాదు. గాలి వేగం రెట్టింపయితే దాని శక్తి ఎంత పెరుగుతుంది? రెండు రెట్లు అనుకుంటున్నారా? కాదు, ఎనిమిది రెట్లు! వేగం రెట్టింపయితే ఒక్క సెకనులో రెక్కలను చేరే గాలి రెట్టింపవుతుంది. ఆ గాలిలో ప్రతి కిలోగ్రాముకు వుండే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. రెండు నాలుగులు ఎనిమిది. మన అనంతపురం ప్రాంతపు కొండలమీద కరెంటు తీసే గాలిమరలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

అందుకే గాలివాన వచ్చే సూచన కనబడగానే మరకాపరి రెక్కలను ఆపి, గుడ్డ చుట్టేయాలి. ఆలస్యం చేస్తే రెక్కలు అదుపు తప్పుతాయి. అప్పుడు కర్ర బ్రేకు బిగించినా రాపిడికి నిప్పు పుట్టి మర అంటుకోవచ్చు.

ఇక లోపలి పళ్ళచక్రాలలో ఒక చక్కని లెక్క దాగి వుంది. పెద్ద చక్రానికి 60 పళ్ళు, చిన్నదానికి 30 పళ్ళు వున్నాయనుకోండి. పెద్ద చక్రపు ప్రతి పన్నూ ప్రతి చుట్టులోనూ చిన్నదాని అదే పంటిని తాకుతుంది. ఒక పన్ను వంకరగా వుంటే దాని జత త్వరగా అరిగిపోతుంది. చిన్న చక్రానికి 31 పళ్ళు పెడితే? 60కీ 31కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. కనుక అదే జత మళ్ళీ కలవడానికి పెద్ద చక్రం 31 చుట్లు తిరగాలి. అరుగుదల పళ్ళన్నిటికీ సమంగా పంచబడుతుంది. క.సా.గు. ఎందుకు పనికివస్తుందని అడిగేవారికి ఇదే జవాబు.

ఆవిరియంత్రాలు, తరువాత డీజిలు, విద్యుత్ మోటార్లు రావడంతో గాలిమరలు మూలబడ్డాయి. 19వ శతాబ్దం మధ్యలో సుమారు 10,000 వుండగా నేడు 1,200 వరకే మిగిలాయి. ఆగిన మరలో రెక్కలు ఒకే చోట వానకు నానుతాయి. నీరు ఒకే సందులోకి దిగి కర్ర కుళ్ళుతుంది. కదలిక లేని కర్రలో పురుగులు నిశ్చింతగా కాపురం పెడతాయి. మర తిరుగుతూంటే తడి ఒకే చోట నిలవదు. అంతకంటె ముఖ్యం, రోజూ ఒక మనిషి లోపలికి వెళ్ళి ఏ మేకు వదులైందో, ఎక్కడ కప్పు కారుతున్నదో చూస్తాడు.

అయితే మరమ్మతు చేసిన మరను తిప్పేదెవరు? వృత్తిగా ఆ పని చేసేవారు కొద్దిమందే మిగిలారు. మర బాగుపడినా విద్య అంతరించిపోయే స్థితి వచ్చింది. అప్పుడు, 1972లో, స్వచ్ఛంద మరకాపరుల సంఘం ఏర్పడింది. వేరే ఉద్యోగాలు చేసుకునే స్త్రీ పురుషులు సెలవు రోజుల్లో ఈ పని నేర్చుకోసాగారు. మబ్బును చూచి గాలిని అంచనా వేయడం పుస్తకం చదివితే వచ్చేది కాదు. పాతవారి పక్కన నిలిచి నేర్వాలి. 2017లో యునెస్కో ఈ విద్యను కూడా మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పండుగనాడు పిల్లలు లోపలికి వచ్చి ఇరుసునూ చక్రాలనూ చూస్తే, వారిలో కొందరైనా రేపటి మరకాపరులు కావచ్చునని పెద్దల ఆశ.

ఆగివున్న రెక్కలు మాట్లాడతాయి కూడా! పై రెక్క నిట్టనిలువు కావడానికి కాస్త ముందే ఆగితే ఊళ్ళో శుభకార్యమని అర్థం. నిలువు దాటి ఆగితే దుఃఖమని అర్థం. 2014 జులైలో ఉక్రెయిన్ గగనతలంలో ప్రయాణీకుల విమానాన్ని కూల్చివేయగా 298 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది నెదర్లాండ్స్ వాసులే. అప్పుడు ఆ దేశంలో ఎన్నో మరలు రెక్కలను దుఃఖసూచకంగా నిలిపాయి.

మీ ఊళ్ళో మూలబడిన ఎద్దు గానుగో, మోటబావి గిలకో వుందేమో చూడండి. దాన్ని నడిపిన తాతగారెవరైనా వుంటే, అది ఎలా పనిచేసేదో ఇప్పుడే అడిగి బొమ్మతో సహా రాసిపెట్టుకోండి. విరిగిన కర్రను మళ్ళీ చెక్కించవచ్చు. మరచిపోయిన పనితనాన్ని తిరిగి తెచ్చుకోవడమే కష్టం.