తిరుపతమ్మ ఓర్పు, పాపమాంబ తోడు

పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లని ఇల్లు జగ్గయ్యపేట, నందిగామ వైపు అరుదు. మాఘ పౌర్ణమికి మున్నేటి ఒడ్డున పెద్ద తిరునాళ్ల జరుగుతుంది. రెండేళ్లకోసారి తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసుకెళ్తారు. ఇక్కడ అమెరికాలో పుట్టిన మన పిల్లలకు ఆ వీడియోలు చూపించి మురిసిపోతాం గానీ, అసలు కథ చెప్పబోయి సగంలో ఆపేస్తాం.

గోపయ్యను పెళ్లాడి వచ్చిన తిరుపతమ్మను అత్త వెంగమాంబ, తోడికోడలు కాల్చుకుతిన్నారు. పశువులను తోలుకుని అడవికి వెళ్లిన గోపయ్యను పులి చంపింది. కుష్ఠు సోకిన కోడలిని పశువుల కొట్టంలోకి నెట్టారు. ఆ కొట్టంలోకి వెళ్లి సేవ చేసినామె పాపమాంబ. చివరికి తిరుపతమ్మ యోగాగ్నిలో ప్రవేశించింది. 1963లో ఎన్టీఆర్, కృష్ణకుమారిలతో సినిమాగా కూడా వచ్చిన కథ ఇది.

ఆమెను దేవతను చేసుకున్నాం, బాగానే ఉంది. కానీ ఆ కథలోంచి ఇళ్లల్లో ఎక్కువగా వాడుకున్నది ఓర్పు ఒక్కటే. ‘తిరుపతమ్మ తల్లి పడలేదా, నువ్వూ పడు’ అని కోడళ్లకు చెప్పినంత గట్టిగా వెంగమాంబలకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు అలాంటివాళ్లందరికీ ‘నార్సిసిస్ట్’ అని పేరు పెట్టేస్తున్నాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దాన్ని ఒక వ్యక్తిత్వ రుగ్మతగా తన గ్రంథంలో చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉండాలి, అవి ఏళ్ల తరబడి కనిపించాలి, నిర్ధారించాల్సింది నిపుణులు. కూర నచ్చలేదని కంచం తోసేసిన మామగారికల్లా ఆ జబ్బు అంటగట్టలేం. అయితే పేరు ఏదైనా బాధ బాధే. తప్పెప్పుడూ ఎదుటివాళ్లదే, క్షమాపణ అన్న మాటే ఉండదు, ఊళ్లో దేవుడంతటి మనిషి, ఇంట్లోకి రాగానే వేరే మనిషి. ఇలాంటివాళ్లను మార్చాలని పూనుకుంటే మన ఆయుష్షు తరుగుతుందే తప్ప వాళ్లు మారడం అరుదు.

మనం మార్చుకోగలిగింది మన జవాబునే. ఆదివారం పొద్దున ఊరి నుంచి నాన్న ఫోన్ వస్తుంది. ‘తమ్ముడికి ఇల్లు కడుతున్నాం, పది లక్షలు పంపు.’ కుదరదంటే, ‘నిన్ను చదివించడానికి పొలం అమ్మాను, గుర్తుందా?’ మీరు ఈఎంఐ లెక్కలు చెబుతారు, ఆయన దాంట్లో తప్పులు పడతారు. గంట తర్వాత మీరే క్షమించమంటారు. కారణాలు చెప్పే కొద్దీ వాదన పెరుగుతుంది. ‘ఇప్పుడు కుదరదు నాన్నా’ అని ఒక్క మాట చెప్పి, అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అడగండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట, అదే గొంతుతో. మొదట్లో అరుపులు పెరుగుతాయి, బంధువులందరి చేతా ఫోన్లు చేయిస్తారు. ఆ నెలా రెండు నెలలే గడ్డుకాలం.

ఊళ్లో హైవే వెంట భూములకు రేట్లు పెరిగాక తగాదాలు ఆస్తి మీదికి మళ్లాయి. నోరుగల అన్న చేతికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి, తర్వాత ఏడవడం కంటే, ఫలానా సర్వే నంబరుకు, ఫలానా పనికి మాత్రమేనని స్పెషల్ పవర్ ఇవ్వడం మేలు. ‘అన్నను అనుమానిస్తావా?’ అంటారు, అననివ్వండి.

ఒక్కోసారి ఇంట్లో వెంగమాంబ పాత్ర కొడుకే పోషిస్తాడు. తల్లిదండ్రులు ఇల్లు రాసిస్తే, తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక నందిగామ కూడా రెవెన్యూ డివిజనే, కాబట్టి ఆర్డీవో అక్కడే ఉంటారు. కోడళ్లకు 2005 గృహహింస చట్టం ఉంది. కొట్టడమే కాదు, మాటలతో హింసించడం, డబ్బు అందకుండా చేయడం కూడా అందులో హింస కిందికే వస్తాయి. మనసు చితికినప్పుడు ఇండియాలో ఉన్నవాళ్లు టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇన్ని చెప్పినా, కొట్టంలో ఉన్న మనిషికి ముందు కావాల్సింది పాపమాంబ. ఇక్కడి మన సంఘంలో ఆ పాత్రకు మనుషులు తక్కువ. డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి ఉగాది వేడుకల్లో మూడేళ్లుగా కనిపించకపోతే ‘కలుపుగోలుగా ఉండదు’ అనేసి ఊరుకుంటాం. భర్త మాత్రం స్టేజీ దగ్గర అందరికీ కాఫీలు అందిస్తుంటాడు. ఆ అమ్మాయితో విడిగా మాట్లాడి చూడండి. సర్దుకుపొమ్మనకండి, మధ్యవర్తిత్వానికంటూ పెద్దమనుషుల్ని పిలవకండి, ఆమె చెప్పింది ఆయన చెవిన వేయకండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఒక సెట్టు దాచమంటే మీ దగ్గర దాచండి. అమెరికాలో గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, దుబాసీ కావాలని అడగవచ్చు. ఆమె ఫోన్ ఇంట్లోవాళ్లు చూస్తారన్న అనుమానం ఉంటే మీ ఫోన్ నుంచే చేయించండి.