దర్పణ ప్రతిలేఖన వివేకము

సాఫ్టువేరు వ్యవస్థలయందు డేటా నశింపకుండుటకై రెండవ ప్రతి నుంచుట సర్వసమ్మతమైన పద్ధతి. ఆ పద్ధతి ప్రధానముగా ద్వివిధము. ఒకటి మిర్రరింగు, అనఁగా దర్పణము; రెండవది రెప్లికేషను, అనఁగా ప్రతిలేఖనము. ఈ రెండును బర్యాయపదములని కొందఱు తలంచుచున్నారు. అది యుక్తము గాదు. తాళపత్ర గ్రంథముల ఛాయాచిత్రములును నిఘంటువులును నేఁడు యంత్రములయందుఁ జేరుచున్నవి గాన నీ భేదము పండితులకును నుపేక్షణీయము గాదు.

దర్పణమునందు సాధారణముగా నొక యంత్రములోని రెండు డిస్కులపై నొకే వ్రాఁత జరుగును. రెంటను ముగిసినఁగాని యది పూర్తియైనట్లు గణింపఁబడదు. ఒక డిస్కు చెడినను రెండవదానితోఁ బని సాగును. 1988లో బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ప్రకటించిన రెయిడ్ వ్యాసమున నిదియే ప్రథమ శ్రేణి. కాని రెండు డిస్కులు నొకే గృహమున నున్నచో నగ్నిప్రమాదము రెంటికిని సమానమే.

ప్రతిలేఖనమునందుఁ బ్రధాన సర్వరులోని మార్పులు వరుసగా వేఱొక సర్వరునకుఁ బంపఁబడును. అది దూరనగరమున నుండవచ్చును. ఇందు మరల రెండు తెఱఁగులు: అవతలినుండి సమ్మతి వచ్చువఱకు నిరీక్షించుట, నిరీక్షింపకుండుట. కాంతి గాజుతంతువులయందు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. కావున 1,000 కిలోమీటర్ల దూరమేఁగి మరలుటకుఁ గనీసము 10 మిల్లీసెకన్లు పట్టును. నిరీక్షించినచోఁ బ్రతి వ్రాఁతకు నీ విలంబము తప్పదు. నిరీక్షింపనిచో వేగము కలుగును గాని, ప్రధానము హఠాత్తుగా నశించినచో నవతలికిఁ జేరని వ్రాఁతలు పోవును.

దీనికి నిదర్శనము గిట్‌హబ్ సంస్థ వృత్తాంతము. 2018 అక్టోబరు 21వ తేదీని అమెరికా తూర్పుతీరమున వారి స్థానముల నడుమ సంబంధము 43 సెకన్లు తెగెను. అంతలోఁ బ్రాధాన్యము స్వయముగా పశ్చిమతీరపు సర్వరులకు మాఱెను. తూర్పున నున్న కొన్ని వ్రాఁతలు పశ్చిమమునకుఁ జేరలేదు. పశ్చిమమునఁ గ్రొత్తవి చేరెను. ఈ పాఠభేదమును సరిచేసి సేవను యథాస్థితికిఁ దెచ్చుటకు 24 గంటల 11 నిమిషములు పట్టెను.

పేరునుబట్టి గుణము నిర్ణయింపరాదు. యోగార్థమునఁ జూచినచో నద్దమున విలంబము పొసఁగదు. అయినను 2005 నాటి మైక్రోసాఫ్టు ఎస్.క్యూ.ఎల్. సర్వరులోని డేటాబేసు మిర్రరింగునందు నిరీక్షింపని విధమును గలదు. ఇచట రూఢియే బలీయము. కావున “వ్రాఁత యెప్పుడు పూర్తియైనట్లు లెక్క?” అని యడుగుటయే లక్షణపరీక్ష.

మఱియొక విషయము. అద్దము తుడిచిన వ్రాఁతనుగూడఁ దుడిచినట్లే చూపును. ప్రతిలేఖకుఁడు తప్పునుగూడ యథాతథముగా వ్రాయును. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో నొక యుద్యోగి పొరపాటున బ్రధాన డేటాబేసునే తుడిచివేయఁగా, నిత్యపు బ్యాకప్పులు పనిచేయక, సుమారు 6 గంటల ముందు తీసిన ప్రతియే శరణమయ్యెను. ఆ నడిమి డేటా పోయెను.

కావున డిస్కు చెడుటనుండి రక్షణకు దర్పణమును, గృహనాశమునుండి రక్షణకు దూరప్రతిలేఖనమును గ్రహింపవలయును. అందును, ఒక్క వ్రాఁతయుఁ బోరానిచోట నిరీక్షించుటయు, వేగమే ముఖ్యమైనచోట నిరీక్షింపకుండుటయు యుక్తము. మనుష్యుని పొరపాటునకు రెండును మందు గావు. దానికిఁ దేదీలవారీగా వేఱుగా దాఁచిన బ్యాకప్పే శరణ్యము. దానినైనను అప్పుడప్పుడు మరల నెక్కించి పరీక్షింపవలయును. విప్పి చూడని తాళపత్రపు కట్టలో గ్రంథమున్నదో పురుగులున్నవో యెవ్వఁడు చెప్పఁగలఁడు?