రోమక మృణ్మయ ఫలకములు – అన్యాపదేశము

'సైంధవము తెమ్ము' అన్నచో భోజనవేళ లవణమును, ప్రయాణవేళ అశ్వమును స్ఫురించుట శాస్త్రప్రసిద్ధము. శబ్దమునకు వలెనే శిల్పమునకును ప్రకరణమే అర్థనియామకము. రోమకుల కాల్చిన మట్టిపలకలు ఇందులకు చక్కని నిదర్శనములు.

ఇవి క్రీ. పూ. మొదటి శతాబ్ది మధ్యభాగము మొదలు క్రీ. శ. రెండవ శతాబ్ది వరకు మధ్య ఇటలీలో విరివిగా వెలసినవి. బంకమట్టిని మూసలో నొత్తి, ఆరనిచ్చి, కాల్చి, రంగులు పూసెడివారు. ఆలయములకును గృహములకును వరుసగా మేకులతో బిగించుటకై పలకలందు రంధ్రములుంచెడివారు. ఆరునప్పుడును కాలునప్పుడును మట్టి కుదించుకొనును. కావున సిద్ధమైన పలకనుండి మరల మూస తీసినచో, దానినుండి వచ్చు పలక కొంచెము చిన్నదగును, రేఖలు మొద్దుబారును. తాళపత్రమునకు ప్రతి, ఆ ప్రతికి మరియొక ప్రతి వ్రాసినట్లే యిది. పరీక్షకులు ఈ గుర్తుచేతనే ముందు వెనుకలు నిర్ణయింతురు.

వీనికి 'కంపానా ఫలకము'లని వాడుక. జొవాన్ని పియేత్రో కంపానా (1808–1880) పోపు పాలనలోని రోమునందు కుదువసంస్థకు అధిపతి. ఇట్టి పలకలను ప్రోగుచేసి 1842లో వానిపై గ్రంథము ప్రకటించెను. సంస్థ ధనమును తన సేకరణకై వెచ్చించెనని 1857లో బంధితుడయ్యెను; మరుసటియేట శిక్ష పడెను. 1861లో ఆ సేకరణమున పెద్దభాగమును మూడవ నెపోలియను పారిసునకు కొనెను. వస్తువులు నిలిచినవి, పెక్కింటి జన్మస్థానము మాత్రము మరుగుపడినది.

రెక్కల జయదేవత వృషభమును వధించుట, ఋతువులు స్త్రీరూపమున కానుకలు గొనిపోవుట – ఇట్టివి ఎచ్చట నున్నను కొంతవరకు బోధపడును. అపొల్లో, హెర్క్యులీసులు త్రిపాదికకై పెనగు దృశ్యమట్టిది కాదు. సేకర్త పెట్టెలో అది పురాణకథ మాత్రమే.

1968లో పాలతైను కొండపై అపొల్లో ఆలయప్రాంతమున ఆ దృశ్యముగల పలకలు త్రవ్వకములలో లభించినవి. క్రీ. పూ. 31లో ఆక్టియమునొద్ద ఆంటొనీని గెలిచిన ఆక్టేవియను, క్రీ. పూ. 28లో ఆ యాలయమును ప్రతిష్ఠించెను. ఆంటొనీ హెర్క్యులీసు వంశజుడనని చెప్పుకొనెడివాడు. ఆక్టేవియనునకు అపొల్లో ఇష్టదైవము. కావున దేవతల కలహము ఆ యిరువురి కలహమునకు అన్యాపదేశమని పండితులు కొందరు వ్యాఖ్యానించిరి. ఫలకమున ఇరువురును త్రిపాదిక కిరువైపుల సమముగా నిలిచియున్నారు. విజేత యెవడో తెలియదు. ఈ యాక్షేపము తోసివేయదగినది కాదు. అయినను దొరకిన తావు తెలియకున్నచో వ్యాఖ్యకు గాని ఆక్షేపమునకు గాని అవకాశమే లేకపోయెడిది. ఆ పలకలు నేడు పాలతైను ప్రదర్శనశాలలో, తాము వెలువడిన కొండమీదనే యున్నవి.