అద్దెకిచ్చే ముందు...
సూరత్ శివారున, ఉధ్నా, సచిన్ స్టేషన్ల మధ్య ఉన్నది భేస్తాన్. మరమగ్గాల ఉపాధికై తెలంగాణ నేత కుటుంబాలు సూరత్ చేరిన సంగతి మనకు తెలిసినదే. ఇటువంటి చోట్ల పొదుపు సొమ్ముతో రెండు గదులు కట్టి అద్దెకిచ్చే మనవారు, ‘ఊరివాడే కదా’ అని నోటిమాటతో సరిపెట్టుకుంటారు. మగ్గం ఆగి అద్దె నిలిచిననాడు సొమ్ముతో పాటు స్నేహమూ చెడుతుంది.

కనుక మేము కోరేదేమనగా: అడ్వాన్సు, ఖాళీ చేయవలసిన గడువు, కరెంటు బిల్లు బాధ్యత కాగితంపై వ్రాసుకోండి. ఏడాదికి మించిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నెలనెలా రసీదు ఇవ్వండి. ఆదాయపు పన్ను లెక్కలో, చెల్లించిన మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు లభిస్తుంది. మరమ్మతులకు కొంత దాచండి.

కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు; అది ఇరువురికీ రక్ష.