నిండిన గొయ్యి చెప్పే అబద్ధం

"మా వాగులో ఏటా ఇసుక తీస్తారు. వానాకాలం వెళ్లేసరికి ఆ గోతులు మళ్లీ పూడిపోతాయి. వాగే తిరిగి ఇస్తుంటే ఇక నష్టం ఎవరికి?" ఒక పాఠకుడి నుంచి వచ్చిన ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే. నదుల శాస్త్రంలో ఇంతకంటే మంచి ప్రశ్న దొరకడం మాత్రం కష్టం. ఇసుక రీచ్‌లకు అనుమతులిచ్చే పద్ధతిలో చాలా భాగం ఇందులోని నమ్మకం మీదే నిలబడి ఉంది. గొయ్యి పూడింది కాబట్టి లెక్క సరిపోయిందని ఆ నమ్మకం. సరిపోదు. గొయ్యి పూడటమే నష్టం జరిగిందనడానికి మొదటి సాక్ష్యం.

మూలసూత్రాలు త్వరగా ముగిద్దాం. వాగు నీటితో పాటు సరుకు కూడా మోస్తుంది. సన్నని ఒండ్రు నీటిలో కలిసి తేలిపోతుంది. ముతక ఇసుక, గులకరాళ్లు అడుగున దొర్లుతూ, ఎగిరిపడుతూ సాగుతాయి. ఎంత మోయగలదన్నది ప్రవాహాన్ని బట్టి, వాలును బట్టి ఉంటుంది. 1955లో ఎమరీ లేన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని ఒక్క వరుసలో పెట్టాడు. ఇసుక మొత్తం, రేణువు పరిమాణం ఒక పక్క. నీటి మొత్తం, వాలు రెండో పక్క. ఒక పక్కన దేన్ని కదిపినా వాగు తన అడుగును కోసుకునో, పూడ్చుకునో సరిచేసుకుంటుంది. ఇక అసలు కథ.

వాగు అడుగు కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున దిగుతోందనుకుందాం. శ్రీకాకుళం వైపు గెడ్డ అయినా, సీమలో వంక అయినా, తెలంగాణలో ఒర్రె అయినా సరే. అందులో పొక్లెయిన్‌తో రెండు మీటర్ల లోతు గొయ్యి తీశారు. నీరు రెండు కిలోమీటర్లు నడిచి దిగాల్సిన దిగుడు ఇప్పుడు ఆ గొయ్యి ఎగువ అంచు దగ్గర ఒక్కసారిగా వచ్చిపడింది. వరద మొదలవగానే నీరు ఆ అంచు మీంచి దూకుతుంది. వాలు పెరిగింది కాబట్టి కోసే శక్తీ పెరిగింది. అంచు కింద కోత పడుతుంది, పైనున్న ఇసుక కూలుతుంది, అంచు కొంత వెనక్కి జరుగుతుంది. కొత్త అంచు దగ్గర మళ్లీ అదే తంతు. ఇలా వెనక్కి జరిగే మెట్టునే నిక్ పాయింట్ అంటారు. నీరు పల్లానికి పోతుంటే ఈ మెట్టు మాత్రం ఎగువకు నడుస్తుంది!

ఎంత దూరం నడుస్తుంది? వట్టి ఇసుకలో మెట్టు నిటారుగా నిలవదు. వాలుగా సాగి, వెళ్లేకొద్దీ పలచబడుతుంది. గులక, జిగట మన్ను ఉన్నచోట నిటారుగానే ఉండి చాలా దూరం పోతుంది. అడ్డంగా రాతి పలక గానీ, ఆనకట్ట గానీ వచ్చేదాకా ఆగకపోవచ్చు. కిలోమీటర్ల కొద్దీ ఎగువకు పాకిన సందర్భాలు కాలిఫోర్నియా వాగుల్లో నమోదయ్యాయి.

అందమైన చిక్కు ఇంకొకటి ఉంది. మెట్టు ఒక ఉపవాగు కలిసేచోటికి చేరిందనుకోండి. పెద్దవాగు అడుగు దిగిపోయింది, ఉపవాగు నోరు పాత ఎత్తులోనే వేలాడుతోంది. అంటే అక్కడ కొత్త మెట్టు పుట్టింది. అది ఉపవాగులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి దాని పిల్లవాగుల్లోకి. ఒక్క రీచ్‌లో తీసిన గొయ్యి, ఏనాడూ ట్రాక్టరు చక్రం దిగని వంకల అడుగులను కోసిపెట్టగలదు.

గొయ్యికి దిగువన ఏం జరుగుతుందో కూడా చూడాలి. వరదనీరు గొయ్యిలోకి వచ్చి మందగిస్తుంది, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు చేతిలో సరుకు లేదు, ఒంట్లో శక్తి మాత్రం ఉంది. దాంతో దిగువ అడుగునూ ఒడ్లనూ కొరకడం మొదలుపెడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు మథయాస్ కాండాల్ఫ్ 1997 నాటి ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని 'ఆకలిగొన్న నీరు' అన్నాడు. ఆనకట్టల కిందా ఇదే జరుగుతుంది. కృష్ణా నది ఇసుకను శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఇప్పటికే పట్టేస్తున్నాయి. కింద మిగిలినదాన్ని తవ్వితే ఆకలి రెట్టింపవుతుంది.

కాబట్టి గొయ్యి నిండింది నిజమే. కొంత ఇసుక ఎగువ అడుగు కోసుకుని వచ్చింది, మిగతాది దిగువకు చేరాల్సిన వాటా. పక్కింటి గాదెలోంచి గింజలు తెచ్చి మన గాదె నింపి, ఈ ఏడు పంట బాగా పండిందని చెప్పుకున్నట్టు ఉంటుంది ఈ లెక్క.

ఈ మోసంలో మహామహులే పడిపోయారు. అందరికంటే ముందు చెప్పుకోవాల్సినవాడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్. భూస్వరూప శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకడు, కొలవకుండా మాట్లాడని మనిషి. కాలిఫోర్నియాలో 1850ల నుంచి బంగారం కోసం కొండలను నీటి ఫిరంగులతో కోసి, ఆ రాళ్లూ మట్టీ వాగుల్లోకి తోసేశారు. యూబా నది అడుగు ఎంత పైకి లేచిందంటే మేరీస్‌విల్ పట్టణం కరకట్టల చాటున బతకాల్సి వచ్చింది. రైతులు కోర్టుకెక్కారు. 1884 జనవరిలో న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ గని వ్యర్థాలను నదుల్లోకి వదలడాన్ని నిషేధించాడు. ఉపరితల గనుల నుంచి వాగులను కాపాడిన తొలి గొప్ప తీర్పుల్లో అదొకటి.

తర్వాత గిల్బర్ట్ రంగంలోకి దిగాడు. బర్క్‌లీలో నీటి తొట్టెలు కట్టి ఇసుక ఎలా కదులుతుందో ప్రయోగాలు చేశాడు, లోయలన్నీ తిరిగి కొలిచాడు. 1917లో అచ్చయిన నివేదికలో, నదుల్లోకి చేరిన సరుకు పనామా కాలువకు తవ్విన మట్టికి సుమారు ఎనిమిది రెట్లని లెక్క తేల్చాడు. ఆ సరుకంతా ఒక అలలా కిందికి నడుస్తోందని, అల దాటిపోయాక అడుగు పాత మట్టానికి వచ్చేస్తుందని అన్నాడు. నదీ గేజీల దగ్గర మట్టం నిజంగానే దిగుతూ వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

1980ల్లో అలన్ జేమ్స్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు బేర్ నది లోయకు వెళ్లి చూస్తే ఆ సరుకు ఇంకా అక్కడే ఉంది! నది తన నడిమి పాయను మాత్రం కోసుకుని కిందికి దిగింది. రెండు పక్కలా గట్లుగా నిలిచిన గని మట్టి, శతాబ్దం గడిచినా వరద వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది. గిల్బర్ట్ కొలతల్లో తప్పు లేదు. ఒకచోట అడుగు మట్టం చూసి, మొత్తం సరుకు లెక్క మూసేశాడు. అక్కడ దిగిన మట్టాన్ని నమ్మి మోసపోయారు, ఇక్కడ నిండిన గొయ్యిని నమ్మి మోసపోతున్నారు.

గొయ్యి ఎంత దూరం చేయి చాచగలదో చెప్పే ఉదాహరణలు కావాలంటే లాస్ ఏంజెలెస్ శివార్లలోని టుహుంగా వాష్ అనే వాగు ఉంది. 1969 వరదల్లో ప్రవాహం పదిహేను మీటర్లకు పైగా లోతున్న గులక క్వారీలోకి మళ్లింది. అక్కడి నుంచి ఎగువకు పాకిన కోత మూడు హైవే వంతెనలు కూలడానికి కారణమైంది. పట్టా భూముల్లో తవ్వుకుంటే వాగుకేం సంబంధం అనేవాళ్లు ఆ ఘటన గురించి చదవాలి. ఒడ్డు పక్క గోతిని పెద్ద వరద తన దారిగా చేసుకోగలదు. పోర్చుగల్‌లో దౌరో నది మీద 1887 నాటి హింట్జ్ రిబైరో వంతెన 2001 మార్చి 4 రాత్రి కూలి, ఒక బస్సు, మూడు కార్లు నదిలో పడ్డాయి. 59 మంది పోయారు. ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకంతో స్తంభం పునాది చుట్టూ అడుగు దిగిపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది.

మన నిబంధనలను ఇప్పుడు చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, దాని కింద 2004లో చేసిన నిబంధనలు నిజానికి తెలివైనవే. వాగులను శ్రేణులుగా లెక్కించే ఆర్థర్ స్ట్రాలర్ పద్ధతిని అవి వాడుకున్నాయి. ఉపవాగు లేనిది మొదటి శ్రేణి, మొదటివి రెండు కలిస్తే రెండోది, ఇలా పైకి. మూడో శ్రేణి దాకా స్థానిక అవసరాలకు తప్ప ఇసుక తీయరాదన్నారు. వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు తవ్వరాదన్నారు. ఒడ్డు నుంచి 15 మీటర్లు లేదా వాగు వెడల్పులో అయిదో వంతు, ఏది ఎక్కువైతే అంత వదలాలన్నారు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. ఇసుక ఎంత తిరిగి చేరుతోందో కొలవాలని 2016, 2020 కేంద్ర మార్గదర్శకాలు కోరాయి.

అన్నీ మంచివే. అయితే 500 మీటర్లను గొయ్యి తవ్విన రోజున కొలుస్తారు. మెట్టు ఆ తర్వాత నడుస్తుంది. మూడో శ్రేణి వంకను కాగితం మీద కాపాడి, అది కలిసే పెద్దవాగు అడుగును దించితే, నిషేధం దాటి కోత లోపలికి పోతుంది, అదీ ఎవరూ పార పట్టకుండానే. రీచ్ హద్దుల్లో వర్షాలకు ముందూ తర్వాతా సర్వే చేసి 'ఇసుక తిరిగి చేరింది' అని రాసుకుంటే, సరిగ్గా ఎక్కడ చూస్తే మోసపోతామో అక్కడే చూసినట్టు.

పూడినదాంట్లో ఏముందో కూడా ఎవరూ అడగరు. ముతక ఇసుక తన పరిమాణంలో సుమారు నాలుగో వంతు నీటిని ఇముడ్చుకుని బావులకు వదలగలదు. బంకమన్ను నూటికి రెండు మూడు పాళ్లు వదిలితే గొప్ప. హెక్టారు మేర మీటరు మందం ఇసుక పోతే ఇరవై అయిదు లక్షల లీటర్ల నిల్వ పోయినట్టు. దాని చోట ఒండ్రు నిండితే మట్టం సర్వేలో తేడా కనపడదు. చెలమల్లో, ఊటకాలువల్లో కనపడుతుంది.

మరి ఇల్లు కట్టుకోవద్దా అంటారు. కట్టుకోవచ్చు. గోతులు తీయకుండా, వేసవి నీటిమట్టానికి పైనున్న ఇసుక మేటలను పలచగా గీకితే మెట్టు పుట్టే అవకాశం బాగా తగ్గుతుంది. రోబో శాండ్ ఉందిగా అనేవాళ్లకు ఒక్క మాట: అది కొండను పిండి చేసి తెచ్చింది, క్వారీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లను అడిగితే మిగతా కథ చెబుతారు. అన్నిటికంటే చవకైన పని కొలతలే. రీచ్‌కు ఎగువనా దిగువనా అయిదారు కిలోమీటర్ల దాకా, ఉపవాగుల నోళ్ల దగ్గర, వంతెన స్తంభాల దగ్గర ఏటా ఒకసారి అడుగు మట్టం తీయాలి. ఒక్కోచోట లెవెల్ పరికరం, కొలత కర్ర, ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. రీచ్ కొలిచే సర్వేయరే అదీ కొలవగలడు, లీజు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే.